ఒక గిన్నె తోటకూర

1982లో నేను వరంగల్‌లో ఒక దవాఖాన ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. మడికొండ దగ్గర ఆకుకూరలు పండించి హనుమకొండలో అమ్మే ఒక ఆమె ప్రతి నెలా మొదటి సోమవారం మా దగ్గరికి వచ్చేది. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. ముందటేడు మద్రాసులో ఆపరేషన్ చేసి దాని స్థానంలో లోహపు కవాటం పెట్టారు. ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా ఆమె జీవితాంతం రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. మాత్ర చాలకపోతే కవాటం దగ్గర గడ్డ కడుతుంది, ఎక్కువైతే ఒంట్లో ఎక్కడైనా రక్తం కారుతుంది. ఆకుకూరలు ఎక్కువ తింటే మాత్ర బలం తగ్గుతుంది కనుక డాక్టరు ఆమె కార్డు మీద 'ఆకుకూరలు నిషేధం' అని రాశారు. కూరలమ్మే మనిషికి అది ఎలాంటి మాటో అప్పుడు మాలో ఎవరమూ ఆలోచించలేదు.

పరీక్షకు యంత్రం లేదు. ముప్పై ఏడు డిగ్రీల నీళ్లలో రెండు గాజు గొట్టాలు పెట్టేదాన్ని. ఒకదానిలో ఆమె రక్తం నుంచి తీసిన ద్రవం, ఇంకొకదానిలో ఆరోగ్యవంతురాలి రక్తం నుంచి తీసినది. ఆ ఆరోగ్యవంతురాలిని నేనే. గడ్డకట్టించే మందు కలిపి, స్టాప్‌వాచ్ నొక్కి, వెలుతురుకు ఎదురుగా గొట్టాన్ని వంచి చూస్తూ, సన్నని దారంలా గడ్డ కనిపించగానే గడియారం ఆపాలి. నాది పదమూడు సెకండ్లు. ఆమెది దానికి రెట్టింపు ఉండాలి. మార్చి నుంచి అక్టోబరు దాకా ఎనిమిది పరీక్షల్లో ఆమె అంకె ఇరవై ఆరుకు తగ్గలేదు, ఇరవై ఎనిమిది దాటలేదు. ఇంత చక్కని వరుస నా నోటుబుక్కులో మరొకరిది లేదు.

అక్టోబరు మూడో వారంలో తేదీ కాని రోజున, ఒక గురువారం, చెంప వాచి వచ్చింది. పన్ను తీయాలంటే ముందు రక్తపరీక్ష కావాలని పంటి డాక్టరు పంపాడు. చేశాను. పదహారు సెకండ్లు. నా చేయి తప్పిందనుకుని మళ్లీ చేశాను. పదహారే. మందు పాతబడిందేమోనని కొత్త సీసా తెరిచి మూడోసారి చేశాను. నాది పదమూడు, ఆమెది పదహారు. పన్ను తీయడానికి ఆ రక్తం బాగానే ఉంది, బతకడానికే పనికిరాదు.

మాత్రలు మానేశావా అని అడిగాను. ఖాళీ పట్టీలు తీసి చూపించింది, లెక్క సరిగ్గా ఉంది. కూరలు తిన్నావా అంటే తల దించుకుంది. అలాగే చెప్పింది.

"పరీక్ష ముంగట ఎనిమిది రోజులు ఆకు ముట్ట అక్కా. ఉత్త పప్పుచారే. పరీక్ష అయినంక తింట. ఇంట్ల అత్త చూస్తదని అంగట్ల తోటి ఆడోళ్లతోని తింట."

నాకు కోపం వచ్చింది. ఎనిమిది నెలలు మాకు ఒక మనిషి రక్తం చూపించి ఇంకొక మనిషిలా బతికావు కదా అన్నాను.

"పరీక్షకు తయారై రావద్దా మరి? మీ పిల్లలు చదువుకోకుంటనే పోతరా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. "పరీక్ష నీకు కాదు చెల్లె, నువ్వేసుకునే గోలీకి," అన్నాను.

ఆ మాట ఆమెకు ఎంత తగిలిందో డాక్టరు గదిలో తెలిసింది. కవాటం మూసుకుపోయేదని ఆయన గట్టిగా మందలించి, ఇక మీదట ఆకు ముట్టనని మాట ఇమ్మన్నారు. అక్కడ ఎవరైనా ఇచ్చేస్తారు. ఆమె ఇవ్వలేదు.

"ఇస్తే అబద్ధమైతది సార్. రోజుకు ఇంత అని చెప్పున్రి, అంతే తింట. దానికి సరిపోను గోలి ఇయ్యున్రి."

ఒకరోజు గుప్పెడు, ఒకరోజు గంపెడు తింటే ఏ మోతాదూ నిలవదని డాక్టరు అన్నారు. పన్ను తీయించుకుని వెళ్లిన ఆమె మర్నాడు పొద్దున్నే, వాపు తగ్గని చెంపతో, ఒక చిన్న సత్తు గిన్నె తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. ఉడికిన కూర అంచుకు సమంగా ఇందులో పట్టినంత, పండుగైనా అంతే, ఒక్కపొద్దైనా అంతే అంది. ఆయన గిన్నెను చేతిలో తిప్పి చూశారు. వారంలో మూడు రోజులు అర మాత్ర పెంచి, నాలుగు వారాలు ప్రతి సోమవారం పరీక్షకు రమ్మన్నారు. అంకె నిలవకపోతే తోటకూర మాటే ఎత్తకూడదన్నారు. ఆమె ఒప్పుకుంది.

మొదటి సోమవారం పంతొమ్మిది. రెండోసారి ఇరవై మూడు. ఆ మధ్యలో బంధువుల ఇంట్లో పెళ్లి జరిగింది. పుంటికూర, అదే గోంగూర, రెండోసారి వడ్డించబోతే విస్తరి మీద చేయి అడ్డం పెట్టిందట. ఇంత దానికి ఇంత నీలుగుడా అని ఆడబిడ్డలు ఎగతాళి చేశారట. మూడోసారి ఇరవై ఆరు. నాలుగో సోమవారం పరీక్ష రెండుసార్లు చేశాను. ఇరవై ఆరు.

డాక్టరు నా నోటుబుక్కులోని నాలుగు అంకెలు చూసి, ఆమె కార్డు మీది నిషేధం కొట్టేసి, కింద 'రోజూ ఒక గిన్నె' అని రాశారు. ఆమెకు చదువు రాదు. వరండాలోకి వచ్చాక చదివి వినిపించమంది. చదివాను.

"సంతకం పెట్టిండా అక్కా?"

పెట్టారన్నాను.

"ఏడ?"

వేలు పెట్టి చూపించాను. అత్తకు చూపించాలి, ఇయ్యాల్టి సంది ఇంట్లనే తింట అంటూ కార్డు మడవకుండా పట్టుకుని మెట్లు దిగింది.