నిద్రలో మింగాల్సిన మాత్ర

ఆ రోజుల్లో నాకు వచ్చిన హిందీ అంతా కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నదే. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అబ్బాయి ఫ్లాటుకు వచ్చి ఏడాది కూడా కాలేదు. అరవై దాటినా ఢిల్లీలో నాది పసితనమే అనాలి. మన మాటలా వినిపించిన ప్రతి హిందీ మాటా మనదేననుకునేదాన్ని. (మూడో తరగతితో బడి మానేసినదానికి అంతకంటే వ్యాకరణం ఎక్కడిది.) ఆ తెలివి బండి దగ్గర బాగానే చెల్లింది. గాల్ బ్లాడర్లో రాళ్లున్నాయని ఆపరేషనుకు తీసుకెళ్లిన రోజునే చెల్లలేదు.

ఆ ఉదయం నా కాలు ఒకచోట నిలవలేదు. మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు, గాజులు తీసేశారు. బోసి చేతులతో ఏం చెయ్యాలో తోచక ఆస్పత్రి వరండాలో పచార్లు చేస్తూ, మనిషి లేని గదుల్లో వెలిగే లైట్లన్నీ ఆర్పుకుంటూ వచ్చాను. నర్సు తెచ్చి మంచం మీద కూర్చోబెట్టడం, నేను మళ్లీ లేవడం. చివరికి కోడలు వచ్చి, "అత్తయ్యా, వాళ్ల కరెంటు బిల్లు వాళ్లు కట్టుకుంటార్లెండి, కాస్త పడుకోండి" అంది.

అంతలో మత్తు డాక్టరు వచ్చింది. కోడలి ఈడు పిల్ల. నిద్రలో ఉండగా నొప్పి తెలియకుండా ఒక మందు ఇస్తామని, అది అఫీమ్ జాతిదని హిందీలో చెప్పింది. అఫీమ్ అంటే నల్లమందని నాకు తెలుసు. దాని పని కొద్ది నిమిషాలేనట. "ఇసీలియే మాత్రా ఘటాతే బఢాతే రహేంగే, అమ్మాజీ" అంది. తగ్గించడం, పెంచడం అన్న ఆ మాటలు బండి దగ్గర బేరంలో విన్నవే. అంటే ఒళ్లు తెలియకుండా పడుకున్న నా నోట్లో వరసగా మాత్రలు వేస్తూనే ఉంటారన్నమాట.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మాత్ర మింగించేది నేనే. "నోరు తెరు, మింగు, ఏడిస్తే ఇంకోటి వేస్తా" అనడమే నా వైద్యం. కానీ నాకు మాత్ర దిగదు. చిన్నప్పటినుంచీ అంతే, నాలుక మీద పెట్టగానే గొంతు తలుపేసుకుంటుంది. మెలకువలో దిగనిది నిద్రలో అడ్డంపడితే నా పని అయిపోయినట్టే. పోనీ చెబుదామంటే పక్కనే కోడలు. ప్రాణమా, పెత్తనమా అని లోపల్లోపలే కొట్టుకుని, పెత్తనం వైపే మొగ్గి బేరానికి దిగాను.

"ఇట్టే పని అయిపోయే సరుకెందుకే? పొద్దున వేస్తే సాయంత్రం దాకా నిలిచేది ఒక్కటిచ్చి ఊరుకోమను" అన్నాను. కోడలు ఆ మాట హిందీలో చేరవేసింది.

డాక్టరు నవ్వి, నిలిచే మందైతే ఆపరేషను అయ్యాక కూడా మత్తు వదలదని, ఊపిరి మందగిస్తుందని చెప్పింది. "ఇది గ్యాస్ పొయ్యిలాంటిది అమ్మాజీ. మీ నాడి చూసుకుంటూ మంట పెంచుతాం, తగ్గిస్తాం. కట్టేస్తే ఆరిపోతుంది." (మామూలు రోజైతే ఈ పొదుపుకు మెచ్చుకునేదాన్ని.)

"అయితే నేను ఇంటికి పోతాను" అని మంచం దిగాను.

కోడలు చెయ్యి పట్టుకుంది. "నల్లమందని భయమా అత్తయ్యా?"

"నిద్రపోయే మనిషికి మాత్రలెట్లా దిగుతాయే?"

"మాత్రలెవరు వేస్తానన్నారు?" అని డాక్టరు వైపు చూసి, "ఓ, అదా. మాత్రా అంటే వీళ్లకి బిళ్ల కాదత్తయ్యా, మందు ఎంత ఇవ్వాలనే కొలత. సూదిలోంచి నరంలోకి పోతుంది. మీ నోటితో పనే లేదు" అంది. (నా నోటితో పని లేదని నాతో అన్న మొదటి మనిషి తనే.) సంగతి తెలిసి డాక్టరు మంచం కమ్మీ పట్టుకుని మరీ నవ్వింది.

అయినా నమ్మకం చాలక పళ్లు బిగించుకునే లోపలికి వెళ్లాను. మెలకువ వచ్చేసరికి గొంతంతా గీరుకుపోయి ఉంది. "మింగించేశారు కదే" అన్నాను. ఊపిరికి గొట్టం పెట్టారని కోడలు ఓపిగ్గా చెప్పింది.

సాయంత్రం నర్సు నిజంగానే ఒక తెల్ల బిళ్ల తెచ్చింది. నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు. కోడలు "ముఝే దీజియే దీదీ" అని అందుకుని కిటికీ వైపు తిరిగింది. రెండు చెంచాలు ఒరుసుకున్న చప్పుడైంది. పంచదార నీళ్లలో కలిపిన పొడి తెచ్చి, నా మొహంలోకి చూడకుండా తాగించింది. ఈ రోజు వరకూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నన్నూ అడగలేదు.

ఇప్పుడు హిందీ బాగానే వచ్చు, మాత్రాకు బెదరను. మాత్రకు మాత్రం ఇంకా బెదురే. పళ్లు బిగించుకుని ఆపరేషను బల్ల మీద పడుకున్న అప్పటి పెద్దావిడ తలపుకొస్తే నవ్వొస్తుంది, పక్కన కూర్చుని కాసేపు చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది.