పిన్ని చేతిలో రేజరు

కాళ్ళ మీద వెంట్రుకలు కూడా ఓ సమస్యేనా అని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఇంటర్ రెండో ఏడాదిలో నాకు అంతకన్నా పెద్ద సమస్య లేదు. కబడ్డీ ఆడేదాన్ని. ఓ సాయంత్రం ప్రాక్టీసులో కూతకి వెళ్తే అవతలి పిల్ల నా చీలమండ పట్టుకుని, చటుక్కున వదిలేసి, "ఓలమ్మో, గొర్రెపిల్లని పట్టుకున్నట్టున్నాదే!" అంది. గ్రౌండంతా ఘొల్లున నవ్వింది. పాయింటు నాకే వచ్చింది, అయినా ఇంటికి ఏడ్చుకుంటూ వెళ్ళాను. మర్నాటి నుంచి కడుపునొప్పి వంక పెట్టి ప్రాక్టీసు ఎగ్గొట్టాను. పన్నెండు రోజుల్లో విజయనగరంలో జూనియర్ కాలేజీల జట్టుకి ఎంపికలు. నిక్కరు వేసుకుని ఆ గ్రౌండులో నిలబడే ధైర్యం నాకు లేదు.

ఫోన్లో ఓ వీడియో చూశాను. అందులో ఆమె చాలాసేపు ఏవేవో నీళ్ళూ నురగా అంటూ చెప్పింది. నాకంత ఓపికెక్కడిది? దాన్ని ముందుకి జరిపేసి, గోడకి తగిలించి ఉన్న నాన్న రేజరు తీసుకుని, పొడి కాళ్ళ మీద ఎడాపెడా లాగేశాను. రెండు మూడు చోట్ల గీరుకుంది. నున్నగా అయ్యాయి కదా అని మురిసిపోయి పడుకున్నాను.

మాది నౌపడ. అమ్మ ఉప్పుమడుల్లో పని చేస్తుంది. మర్నాడు ఆదివారం, ఓ మనిషి తక్కువైందంటే నేనూ వెళ్ళాను. గీరిన కాళ్ళతో తిన్నగా ఆ ఉప్పునీళ్ళలో దిగాను! తెలివంటే నాదే తెలివి. మోకాళ్ళ దాకా నిప్పంటుకున్నట్టయి ఒక్క కేక పెట్టాను.

"ఏటే, పామా?" అంటూ అమ్మ పరిగెత్తుకొచ్చింది. నా కాళ్ళు చూసి, తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్ళన్నీ వాటి మీద పోసేసింది. పోస్తూనే తిట్లు. "కాళ్ళు గీరుకోని ఉప్పులో దిగుతారేటే ఎవులైనా? ఊరగాయనుకున్నావేటి?"

సాయంత్రానికి కాళ్ళ నిండా ఎర్రటి పొక్కులు. ఇక ఎంపికలకి వెళ్ళనని మొండికేశాను. అమ్మ మర్నాడే నన్ను రైలెక్కించి విజయనగరంలో ఉన్న పిన్ని దగ్గరికి పంపేసింది.

పిన్ని ఓ ఆసుపత్రిలో ఆయా. ఆపరేషనుకి ముందు ఆడవాళ్ళకి ఒళ్ళు శుభ్రం చేసి వెంట్రుకలు గీసే పని ఏళ్ళుగా ఆమెదే. నా కాళ్ళని వేలితో కూడా ముట్టుకోకుండా చూసింది. "పసుపొద్దు, నిమ్మకాయొద్దు, నువ్వసలేటీ సెయ్యకు. మంచినీళ్ళతో కడిగి వదిలీ. మానినాక నాను గీస్తాను" అంది. వారం రోజులకి పూర్తిగా మానాయి.

ఎంపికలకి రెండు రోజుల ముందు, డ్యూటీ నుంచి రాగానే పెరటి అరుగు మీద పీట వేసి కూర్చోబెట్టింది. నాకోసం కొత్త రేజరు కొనుక్కొచ్చింది. "మీ నాన్నది మీ నాన్నకే. ఒకలది ఇంకొకలు ముట్టకూడదు." గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన తువ్వాలు చాలాసేపు చుట్టి ఉంచింది. సబ్బు నురగ దట్టంగా రాసి నా కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ చేత్తో చర్మం కాస్త బిగబట్టి, నొక్కకుండా, వెంట్రుకలు వాలిన వైపే పొట్టిపొట్టిగా గీస్తూ, ప్రతిసారీ బ్లేడు నీళ్ళలో జాడించింది. మోకాలు దగ్గర "కాలు ముడుసుకో" అంది. చీలమండ దగ్గర ఊపిరి బిగబట్టింది. ఆ చెయ్యి ఎక్కడా తడబడలేదు. మధ్యలో నా చేత మా ఊరి కబుర్లు, ఆ గొర్రెపిల్ల మాటతో సహా, చెప్పిస్తూనే ఉంది. ఆసుపత్రి బల్ల మీద సిగ్గుతో బిగుసుకుపోయే ఆడవాళ్ళని కూడా ఇలాగే మాటల్లో పెడుతుంది కాబోలు అనిపించింది. అంత గొప్ప పనిమంతురాలిని నేను ఇంతవరకూ చూడలేదు.

రెండో కాలి దగ్గర రేజరు నా చేతికిచ్చేసింది. "నువ్వే గీసుకో. రేపట్నించీ నాను నీ ఎనకాల తిరగనేను గదా?" ఆమె గీసినట్టే పొట్టిపొట్టిగా గీశాను. ఒక్క గాటు పడలేదు. మెల్లగా అద్ది తుడిచి కొబ్బరినూనె రాసుకోమంది.

అప్పుడు చూశాను, ఎగదోపిన చీర కింద ఆమె కాళ్ళని. వాటి మీద వెంట్రుకలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"అదేటి పిన్నీ, నువ్వు గీసుకోవా?"

"నాకడ్డం నేదు. నీకడ్డమైతే తీసీ. మొలిస్తే మళ్ళీ గీసుకో, నేదా వదిలీ. అది నీ ఇష్టం. ఆట మాత్రం మానీకే గుంటా."

ఎంపికల రోజు పిన్ని ఒక పూట సెలవు పెట్టి, ఆసుపత్రి చీరలోనే వచ్చి గ్రౌండు అంచున కూర్చుంది. ఆఖరి కూతలో ఇద్దరు నా కాలు దొరకబుచ్చుకున్నారు. వాళ్ళని ఈడ్చుకుంటూ, మట్టిలో పొర్లుతూ గీత మీద చెయ్యి వేశాను. జట్టులో నా పేరు చదివారు.

పరిగెత్తుకుంటూ పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఆమె కొంగుతో నా మోకాలికంటిన మట్టి తుడుస్తూ, ఎవరూ వినకుండా అడిగింది: "ఎవులైనా నవ్వినారేటే?"

ఆ సంగతే నాకు గుర్తు లేదు.

"సూడనేదు పిన్నీ."

పిన్ని నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.