వసుంధర మేడం తెప్పించిన ఇన్‌హిబిటర్

నిన్న పొద్దున బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఉండగా మా ఫ్యాక్టరీ శ్రీను ఫోన్ చేశాడు.

"వసుంధర మేడం పోయారన్నా. హార్ట్ ఎటాక్."

గ్రీన్ పడింది. వెనక హారన్లు కొడుతున్నారు. నాకు బండి కదపడం కూడా తోచలేదు.

సాయంత్రం శ్మశానం నుంచి వచ్చి స్నానం చేశానో లేదో, మేనేజర్ గారి ఫోన్. "మేడం లేరు కదండీ. సోమవారం నుంచి ఆ ఇన్‌హిబిటర్ ఆపేద్దాం. ఖర్చు దండగ. ఉత్త యాసిడ్ చాలు."

అప్పటిదాకా ఏడ్చాను. ఆ మాటకి ఒళ్ళు మండింది.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నా. మేం ఇనప తీగకి జింక్ పూత వేస్తాం. ముందు తుప్పు పోవడానికి యాసిడ్ తొట్టిలో ముంచుతాం. ఉత్త యాసిడ్ తుప్పుతో ఆగదు. తీగనీ తింటుంది, పొగ కక్కుతుంది. ఇన్‌హిబిటర్ కలిపితే తుప్పు పోతుంది, తీగ మిగులుతుంది. మా కెమిస్ట్ వసుంధర మేడం తెప్పించిన రకం పైన నురగ కడుతుంది, పొగ లేవనివ్వదు.

చేరిన మొదటి రోజు ఆ నురగని, పప్పు మీద తెట్టు తీసినట్టు, మగ్గుతో తోడి పారబోశాను. శుభ్రం చేశానని గర్వం కూడా.

మేడం తిట్టలేదు. "అది చెత్త కాదయ్యా, మూత. పొగ నీ ముక్కులోకి పోకుండా పెట్టుకున్నాం," అన్నారు.

ఆ రోజు అందరూ దగ్గుతూ ఇళ్ళకెళ్ళారు. నా వల్ల.

ఒకసారి ఓనరు గారు కూడా ఇదంతా దండగని ఇన్‌హిబిటర్ కొనడం ఆపించారు. మేడం నన్ను వెంటబెట్టుకుని గవర్నర్‌పేట ఆఫీసుకెళ్ళి, ఏసీ గదిలో ఆయన టేబుల్ మీద రెండు గాజు గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో ఉత్త యాసిడ్, రెండోదాంట్లో ఇన్‌హిబిటర్ కలిపింది. రెండింట్లోనూ ఒక్కో తీగ ముక్క వేశారు. ఉత్తది బుసబుసమని పొంగింది. కాసేపటికి ఓనరు గారు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని లేచారు.

మేడం కుర్చీలోంచి కదల్లేదు. "మీరు లేచి బయటికెళ్ళగలరండి. మావాళ్ళు షిఫ్ట్ అయ్యేదాకా అక్కడే నిలబడాలి."

మర్నాడే ఇన్‌హిబిటర్ డ్రమ్ములు దిగాయి.

పొద్దుట్నుంచీ అందరూ మేడం సౌమ్యురాలు అని పోస్టులు పెడుతున్నారు. సౌమ్యురాలా, నా మొహం. మాకోసం ఎవరితోనైనా పోట్లాడేవారు.

మేనేజర్ గారూ, మిమ్మల్ని ట్యాగ్ చేశాను. సోమవారం తొట్టి దగ్గర సూపర్‌వైజర్‌ని నేనే. ఇన్‌హిబిటర్ కలపకుండా ఒక్క తీగ చుట్ట కూడా దింపం. మావాళ్ళందరితో మాట్లాడే రాస్తున్నా. తీసేస్తే అందర్నీ తీసేయండి.

వెళ్ళి రండి మేడం. ఇక ఎవరితోనూ పోట్లాడే పని లేకుండా ప్రశాంతంగా ఉండండి. ఆ పని మేం చూసుకుంటాం.