క్యాషియర్ సంతకం

వెర్లిన్ స్టాఫర్ పాత నోటును ముట్టుకునే ముందు రెండుసార్లు చేతులు కడుక్కుని, ఒక్కో వేలూ విడిగా తుడుచుకుంటాడు. అంచులు మాత్రమే పట్టుకుని కిటికీ వెలుతురుకెత్తి చూస్తాడు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో నలభై ఏళ్లు అందరికీ జుట్టు కత్తిరించినవాడు. ఒకప్పుడు ఊరి బ్యాంకులు కూడా తమ పేరుతో నోట్లు వేసేవి. తమ ఊరి బ్యాంకు వేసినవాటిలో పది డాలర్ల నోటు ఒక్కటే అతనికి దొరకలేదు. ముప్పై ఏళ్లుగా వెతుకుతున్నాడు.

మొన్న శనివారం చర్చి హాల్లో పాత నాణేలు, నోట్ల సంత జరిగింది. వెర్లిన్ కూడా అక్కడ ఒక బల్ల వేసుకున్నాడు. ఏడాది కిందట భర్తను పోగొట్టుకున్న లోరీన్ హుబ్కా వచ్చి, బైబిల్ పేజీల మధ్య నుంచి సరిగ్గా ఆ నోటే తీసి అతని బల్ల మీద పెట్టింది.

"ఇరవై ఇస్తే చాలు వెర్లిన్. నాకెందుకిది?" అంది.

అతని జేబులో ఇరవై ఉంది. వెళ్లి చేతులు కడుక్కొచ్చి, నోటును అంచులు పట్టుకుని కిటికీ వెలుతురుకెత్తి చూశాడు. "రెండు వేలకు తక్కువైతే ఎవరికీ ఇవ్వకమ్మా. నా దగ్గర అంత లేదు," అన్నాడు. తర్వాత కింది మూలన సిరా గీతలు చూపించాడు. "ఇది మీ మామగారి నాన్న సంతకం. అప్పట్లో బ్యాంకు క్యాషియర్ ఆయనే."

లోరీన్ కళ్లద్దాలు పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. "మా ఆయన కూడా ఇంటిపేరు మొదటి అక్షరాన్ని అచ్చం ఇలాగే మెలితిప్పేవాడు," అని నోటును మళ్లీ బైబిల్లో పెట్టుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర వెర్లిన్ భార్య అడిగింది. "ఇవాళైనా ఏమన్నా దొరికిందా, ఊరికే నిలబడి వచ్చావా?"

"పది డాలర్లది చూశాను."

"కొన్నావా?"

"లేదు. చేత్తో పట్టుకున్నా," అంటూ వెర్లిన్ చెర్రీలు కూరి కాల్చిన 'పై' రెండో ముక్క కోసం పళ్లెం చాచాడు.