రెబెక్కమ్మ ఏడవని ఏళ్లు

కొడవలూరు పక్కన ఆ పాలెంలో ఎవరైనా పోయినారంటే, గుంట తవ్వేవాళ్లకన్నా ముందు రెబెక్కమ్మకు కబురు పోయేది. ఆమె వచ్చి తలాపున కూర్చోని పాట ఎత్తుకునేది. క్రైస్తవుల ఇంట శోకాలు పెట్టగూడదు, పాటలతో సాగనంపాలి అనేది ఆ సంఘంలో తాతలనాటి కట్టుబాటు. కట్టుబాటు సరే, కడుపు కాలినదాన్ని నోరు మూసుకోమని చెప్పేదెవరు? రెబెక్కమ్మ చెప్పేది. ఆమె చెప్తే వినేవాళ్లు.

పొలంలో ఆమె నాట్ల ముఠాకు పెద్ద. బురదలో దిగిందంటే నోటికి పట్టపగ్గాలుండవు. "ఏంది మే, నడుం వంచమంటే పెళ్లికూతురు తల వంచినట్టు వంచుతావు?" అని ఒకదాన్ని, "నువ్వు నాటిన మడిని చూస్తే కొంగలు గూడా సిగ్గుపడతాయి" అని ఇంకోదాన్ని దెప్పుతా, నవ్విస్తా, పొద్దు వాలేదాకా పని లాగేది. రైతులు కూడా ఆమె ముఠానే కావాలనేవాళ్లు.

ఆదివారం గుడిలో సాక్ష్యానికి లేచినా అదే మనిషి, అదే గొంతు. "సంతోషంగా ఉండమని ప్రభువు ఆజ్ఞ. దిగులు పడితే ఆయన్ను నమ్మనట్టే" అనేది. సంఘపెద్ద యెహోషువగారు తల ఆడించి, "విశ్వాసమంటే అట్టుండాల" అని మెచ్చుకునేవారు.

ఆ మాట ఆమెకు ఊరికే రాలేదు. ఆమె పుట్టింది బుచ్చిరెడ్డిపాలెం అవతల, హిందువుల ఇంట. వాళ్లమ్మ శోకాలు పెట్టడంలో ఆ చుట్టుపట్ల పేరుపడిన మనిషి. ఎవరి చావుకైనా ఆమె పోయి చనిపోయినవాళ్ల గుణాలన్నీ తలుచుకుంటా రాగం తీస్తే, పగవాళ్లు గూడా కళ్లు తుడుచుకునేవాళ్లంట. పెళ్లయి ఈ పాలేనికొచ్చి, బాప్తిస్మం తీసుకొని రెబెక్కమ్మ అయింది. తొలిచూలు కొడుకు గిద్యోను, మాటలు వచ్చీరాని వయసులో, జ్వరమొచ్చి పోయినాడు. ఆ రోజు ఆమె తల్లి పద్ధతిలోనే గుండె బాదుకొని నోరు తెరిచింది. అప్పటి బోధకుడి భార్య వచ్చి భుజం పట్టుకొని, "ఏడిస్తే బిడ్డను ప్రభువుకు ఇయ్యనన్నట్టు, రెబెక్కా" అనింది. రెబెక్కమ్మ రాగాన్ని గుటక మింగింది. అందరూ ఆమె విశ్వాసాన్ని పొగిడినారు. ఆ పొగడ్తే ఆమెను నిలబెట్టింది. నిజం చెప్పుకోవాలంటే, ఆనాడు నిలబడటానికి ఆమెకు అది తప్ప వేరే ఏమీ లేదు. తర్వాత మొగుడు పోయినా ఆమె ఏడవలేదు.

చైనావాళ్లతో యుద్ధమొచ్చిన ఏడు, నాట్లు మొదలైన కొత్తల్లో, నారుమడికి నీళ్లు కట్టేదానికి పోయిన హెబ్రోను అనే కుర్రోడికి పురుగు ముట్టింది, తాచుపాము. మంచం మీద వేసుకొని ఇంటికి తెచ్చేలోపలే ప్రాణం పోయింది. పెళ్లాం జయశీల చంకలో పసిదాన్ని పెట్టుకొని వాకిట్లోకి వచ్చి, మంచం చూసి, నోరు తెరిచింది. పక్కనే ఉన్న రెబెక్కమ్మ అరచెయ్యి ఆ నోటి మీద పెట్టింది.

"వద్దమ్మా. దిక్కులేనోళ్లు ఏడస్తారు. మనకు ప్రభువుండాడు. సంతోషంగా సాగనంపు."

జయశీల పెద్ద కళ్లు చేసుకొని ఆమెను చూసింది. తర్వాత తలూపింది. సమాధి దాకా ఒక్క చుక్క రాల్చలేదు. ఊరంతా ఆ పిల్లనూ, రెబెక్కమ్మనూ మెచ్చుకునింది.

నాట్లు ముగిసే సరికి జయశీల మాట్లాడటం మానేసింది. పనికి రాలేదు. ఎవరు గడపలోకి వచ్చినా నవ్వేది. అన్నం పెట్టినా నవ్వేది, పెట్టకపోయినా నవ్వేది. పాలు ఎండిపోయినాయి. పసిదానికి మేకపాలలో నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పడతా ఉండింది అత్త ఏసుమణి. అది సగం కక్కేది. మెడ నిలవాల్సిన బిడ్డ మెడ వేలాడేసేది.

రెబెక్కమ్మ పోయి ప్రార్థన చేసింది. కళ్లు తెరిచేసరికి జయశీల అదే నవ్వు నవ్వుతా ఉంది. రెబెక్కమ్మ ఆ నవ్వు వైపు చూడలేక లేచింది. బయటికొచ్చి, "విశ్వాసం చాలలేదు వదినా ఆ పిల్లకు" అనింది ఏసుమణితో.

ఏసుమణి చేతిలో ఉగ్గుగిన్నె కింద పెట్టింది. "చాలలేదా? నీ మాట పట్టుకునింది వదినా అది! హెబ్రోను నా కడుపున పుట్టినోడు. నేను ఏడవలేదనుకున్నావా? గడ్డికి పోతా గట్టు చాటున కూలబడి ఏడ్చినాను. నువ్వు నోరు మూయించిన ఆడోళ్లందరూ అంతే. దొడ్లో ఒకతె, గడ్డివామి చాటున ఒకతె. నీకొక్కదానికే తెలీదు. నీ మాట నిజమని నమ్మింది ఈ పాలెంలో అదొక్కతే."

రెబెక్కమ్మ వెనుదిరిగింది. 'నేనూ నమ్మినాను కదా' అనుకునింది దారిలో.

యెహోషువగారి దగ్గరికి పోయి అడిగింది. ఆయన, "సాతాను శోధన. మనమేం చేస్తాం? ప్రభువు చిత్తం" అన్నారు. అంతకు ముందయితే ఆ మాటతో ఆమెకు తెరిపిడిగా ఉండేది. ఆ రోజు మాత్రం ఆయన మాట ముల్లులా గుచ్చుకునింది. పామును పంపింది ప్రభువు చిత్తమే కావచ్చు. ఆ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టింది ఎవరు? ప్రభువు రాలేదే అక్కడికి. ఆ చెయ్యి రెబెక్కమ్మది. సాతాను మీదికి తోస్తే పోయేది కాదు.

మర్నాడు కలుపు తీస్తా ఉంటే, పక్క ఊరి పెంచలమ్మ ఉన్నట్టుండి, "అక్కా, అడుగుతానని కోపం పడొద్దు. మీ దేవుడు కన్నీళ్లకేమన్నా పన్ను వేసినాడా?" అనింది. ఆడవాళ్లంతా నవ్వినారు, రెబెక్కమ్మ కూడా ఎదురు దెప్పుతుందని చూసినారు. ఆమె కలుపు గడ్డి గట్టు మీదికి విసిరేసి, "వెయ్యలేదు మే. ఆయనా ఏడ్చినాడు, ప్రాణస్నేహితుడు లాజరు చచ్చిపోతే" అని, చేతులు కడుక్కోకుండానే గట్టెక్కి జయశీల ఇంటికి పోయింది.

ఎండ ఇంకా చల్లబడలేదు. జయశీల గోడకానుకొని కూర్చోనుంది. రెబెక్కమ్మ ఎదురుగా చతికిలబడింది.

"నా చెయ్యి అడ్డం పెట్టినాను, తప్పు నాది. ఏడువమ్మా."

జయశీల నవ్వింది.

తను ఏడిస్తే ఆ పిల్లా ఏడుస్తుందని రెబెక్కమ్మ అనుకునింది. తీరా చూస్తే కళ్లలో తడి లేదు. ఎంత పిండినా రాలేదు. ఎన్నేళ్లయిందో, దారే మర్చిపోయినట్టుంది. ఇంక చేసేది లేక, తల్లి తీసిన రాగం తీసింది. మొదట గొంతు కుదరలేదు, కిర్రుమనింది. "నీళ్లు కట్టను పోయినావా కొడుకా, నీడ లేకుండా చేసినావా కొడుకా" అని అందుకునింది. ఆ రాగం విని చుట్టుపక్కల ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి వాకిట్లోనే నిలబడిపోయినారు. ఏసుమణి పసిదాన్ని ఎత్తుకొని గడపలో కూలబడింది. రెబెక్కమ్మ గుండె మీద చరుచుకుంటా హెబ్రోను పేరు పెట్టి పిలవబోయింది. నోటికి వచ్చింది, "గిద్యోనూ."

అంతే, రాగం తెగిపోయింది. ఆ తర్వాత వచ్చింది పాటా కాదు, శోకమూ కాదు. దెబ్బ తిన్న గొడ్డు అరిచినట్టు అరిచింది. నేల మీద వాలిపోయింది.

చాలాసేపటికి ఎవరో జుట్టు సవరిస్తున్నట్టయింది.

"గిద్యోనంటే ఎవరు పెద్దమ్మా?"

జయశీల గొంతు, తుప్పు పట్టిన గిలకలాగుంది.

"నా కొడుకు."

"నీకు కొడుకుండినాడా? ఎట్టుండేవాడు?"

రెబెక్కమ్మ చెప్పింది. నడక నేర్చి కోళ్లెనక పడేవాడనీ, బువ్వను "బూ" అనేవాడనీ. చెప్తా ఉంటే జయశీల నవ్వు చెదిరిపోయింది. "ఆయన గూడా కోళ్లను తరమతా..." అని మొదలుపెట్టింది. మాట సగంలోనే ఏడుపు ముంచుకొచ్చింది. ఏసుమణి బిడ్డతో సహా వచ్చి ఆమె మీద పడింది.

ఆ ఆదివారం గుడిలో యెహోషువగారు రెబెక్కమ్మను లేపి నిలబెట్టినారు. అన్యుల శోకం పెట్టినందుకు సంఘం ముందు తప్పు ఒప్పుకోమన్నారు.

"ఒప్పుకుంటానయ్యగారూ. ఆ బిడ్డ నోరు మూసినందుకు ఒప్పుకుంటాను. నేను దిగులు దాచుకొని దాన్ని సంతోషమని మీకందరికీ పంచినందుకు ఒప్పుకుంటాను. ఏడ్చినందుకు మాత్రం ఒప్పుకోను. ప్రభువిచ్చే సంతోషం నాకింకా కావాల. ఏడుపును చాటున దాచుకుంటే అది రాదని ఇప్పుడే తెలిసింది."

ఇకమీదట చావు ఇళ్లలో ఆమె పాట ఎత్తగూడదని తీర్మానించినారు. ఆమె కొంగు భుజాన కప్పుకొని పోయి వెనక వరసలో కూర్చునింది. ఆడవాళ్లలో కొందరు ఆమె వైపు జరిగినారు, కొందరు దూరం జరిగినారు. ఆమెకూ అంత ధైర్యమేం లేదు. ఇన్నేళ్లూ ఎందరి నోళ్లు మూసిందో తలుచుకుంటే కూడు సయించేది కాదు.

జయశీలకు పాలు మళ్లీ రాలేదు. మేకపాలతోనే ఆ బిడ్డ ఎట్లో నిలదొక్కుకునింది.

మరుసటేడు నాట్లకు జయశీల ముఠాలోకి వచ్చింది. బిడ్డ గట్టు మీద గోనెపట్టాపై కూర్చోని మట్టి తినేది. ఒకరోజు పెంచలమ్మ కాలు జారి నారుకట్టతో సహా బురదలో బోర్లా పడి, లేచి, "నన్ను గూడా నాటేసినారంట మే, వరస తప్పకుండా చూడండి" అనింది. ముఠా గొల్లుమనింది. అందులో జయశీల గొంతూ ఉంది. నవ్వినాక ఆ పిల్ల ఉలిక్కిపడి, నవ్వొచ్చునా అని అడుగుతున్నట్టు రెబెక్కమ్మ వైపు చూసింది.

రెబెక్కమ్మకు ఆ చూపు తగలకపోలేదు. అయినా తల ఎత్తలేదు, నవ్వేదానికి ఆ పిల్ల ఇంక తన సెలవు అడగగూడదని. నారు పిడికిట సర్దుకొని, తన వరసలో వెనక్కి ఒక అడుగు వేసింది.