ఆరో వాక్యం

1999 వేసవిలో మాదాపూర్‌లో నేను స్వెటర్ వేసుకుని పనిచేసేవాణ్ణి. బయట కొండరాళ్లు పెనంలా కాలుతుంటే, మా అద్దాల భవనంలో ఏసీ చేతివేళ్లను కొయ్యబార్చేది. కాస్త తగ్గించమని అడిగితే, ఆ చల్లదనం కంప్యూటర్ల కోసమనీ, మనుషులు సర్దుకోవాలనీ చెప్పారు. వాటి ఖరీదూ మా జీతాలూ తెలిసినవాణ్ణి కనుక వాదించలేదు.

నా ఉద్యోగం పేరు టెక్నికల్ ఎడిటర్. విదేశీ క్లయింట్లకు, అంటే మా చేత పని చేయించుకునే కంపెనీలకు, వెళ్లే ప్రతి నివేదికలోనూ ఇంగ్లీషు దిద్దాలి. మూలన నా ఎర్రసిరా పొడిసంతకం లేనిదే ఏ కాగితమూ ఫ్యాక్స్ మిషను దగ్గరికి వెళ్లకూడదన్నది అక్కడి నియమం. ఎం.ఏ. ఇంగ్లీషు చదివి డిగ్రీ కాలేజీలో నాలుగేళ్లు పాఠాలు చెప్పిన నాకు అంత అధికారం అంతకుముందెప్పుడూ లేదు.

శనివారాలు ఇంజనీర్లకు పేరా రాయడం కూడా నేర్పేవాణ్ణి. పేరాను పెంచుకుంటూ పోవడానికి పద్ధతులున్నాయి. జరిగిన వరసలో చెప్పవచ్చు, కారణం నుంచి ఫలితానికి రావచ్చు, రెండింటిని పోల్చవచ్చు. ఏ పద్ధతి అయినా మొదట టాపిక్ సెంటెన్స్ ఉండాలి, అంటే పేరా సారమంతా చెప్పే వాక్యం. "మొదటి వాక్యం, చివరి వాక్యం చదివితే పేరా చదివినట్టే" అని ధైర్యంగా చెప్పేవాణ్ణి. పని తొందరగా తెమలడానికి అది మంచి సలహా. నేనూ పాటించేవాణ్ణి, అక్కడే వచ్చింది చిక్కు.

స్వరూప సిద్దిపేట అమ్మాయి, టెస్టర్. ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఆమె పని. చేరి అయిదు నెలలైంది. ఆరు దాటితేనే ఉద్యోగం ఖాయం. పొద్దున కంప్యూటర్ ఆన్ చేసిన దగ్గర నుంచి సాయంత్రం కట్టేసేదాకా, జరిగింది జరిగినట్టు ఒకే పేరాలో రాసేది.

"అసలు సంగతి ముందు చెప్పాలమ్మా" అంటే, "అది పొద్దుగాల జరగలే గద సార్, మధ్యాహ్నం జరిగింది" అనేది.

ఆ ఏడు అందరికీ వైటూకే భయం. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000 వస్తే ఏం చేస్తాయో ఎవరికీ తెలియదు. స్వరూప పరీక్షించింది ఒక మందుల గోదాము ప్రోగ్రాము. జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున మా మేనేజరు ప్రసాద్ గారు, రాజమండ్రి మనిషి, నా బల్ల మీద క్లయింటు పంపిన ఫిర్యాదు కాగితం పెట్టారు. 2000లో గడువు తీరే మందులను ఆ ప్రోగ్రాము వందేళ్ల కిందటే చెడిపోయిన సరుకుగా చూపించిందట. గోదాము వాళ్లు దాన్ని నమ్మి రెండు రోజులు పారేశారు కూడా.

"మన నివేదికలో అంతా బాగుందని ఉందటండి. ఆ అమ్మాయి చూసుకోలేదు. మీరు సంజాయిషీ రాసివ్వండి, ఐదింటికల్లా ఫ్యాక్స్ వెళ్లాలి. సోమవారం ఆ అమ్మాయికి లెటరు ఇచ్చేద్దాం."

"ఏం లెటరండి?"

"అభినందన పత్రమైతే కాదు లెండి."

పాత ఫైలు తీశాను. ఏడో వాక్యంలో ఉంది: గడువు తేదీ వచ్చే ఏడాదికి మారిస్తే మంచి మందులు పారేసే జాబితాలోకి వస్తున్నాయని. స్పష్టంగా రాసింది. చివరి వాక్యం కరెంటు పోయి వచ్చిందని. దానికి నేనొక కామా పెట్టాను. అన్నిటికన్నా పైన, నా ఎర్రసిరాలో, ఆమె రాయని ఒక టాపిక్ సెంటెన్స్ ఉంది: 'నేటి పరీక్ష సంతృప్తికరంగా ముగిసింది.' ఏడో వాక్యం దగ్గర ఎర్రచుక్క కూడా లేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను. రాయదుర్గం వైపు బండలు పేల్చినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరేవి. ఆ రోజు ప్రతి పేలుడికీ ఎవరో నన్ను పిలిచారనుకుని లేచాను.

సంజాయిషీ మూడుసార్లు రాశాను. కారణంతో మొదలుపెడితే ఆ కారణం స్థానంలో నేనే వచ్చి కూర్చుంటున్నాను. పోలిక పద్ధతిలో ఆమె రాసిందీ నేను చేర్చిందీ పక్కపక్కన నిలబడుతున్నాయి. అది ఇంకా అధ్వానం. చివరికి జరిగిన వరసే పట్టాను. మొత్తం పదకొండు వాక్యాలు. మొదటిది విచారం, చివరిది హామీ. ఆరోదాంట్లో, టెస్టర్ ఈ లోపాన్ని నమోదు చేసిందనీ, దిద్దుబాటులో పైన అంతా బాగుందనే అదనపు వాక్యం ఒకటి చేరిందనీ రాశాను. ఎవరు చేర్చారో రాయలేదు. నిజాన్ని కనిపించని చోట పెట్టడం అబద్ధం కాదని ఒక పావుగంట నమ్మాను.

ప్రసాద్ గారు మొదటి వాక్యం చూసి, చివరి వాక్యం చూసి, సంతకం పెట్టారు. నా శనివారం పాఠాలకు ఆయన మానకుండా వచ్చేవారు.

"హుందాగా ఉందండి."

"ఆరో వాక్యం ఒకసారి చూస్తే..."

"మీ ఇంగ్లీషులో నేనేం చూస్తానండి. పంపించెయ్యండి."

ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏ పేరానూ మధ్య వాక్యాలు వదిలేసి చదవలేదు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నదంటూ ఏదైనా ఉంటే, అది ఆ వెంటనే గడిచిన అయిదు నిమిషాల్లో నేర్చుకున్నదే.

ఫ్యాక్స్ మిషను పక్కన స్వరూప నిలబడి ఉంది. సోమవారం లెటరు సంగతి ఎవరో ఆమెకు అప్పటికే చెప్పేశారు.

"నా గురించి రాసిండ్రంట గద సార్. జర చూపిస్తరా?"

ఇచ్చాను. నా పాఠాలు ఆమెకు బొత్తిగా ఎక్కలేదు. ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి, ఏదీ వదలకుండా చదువుతోంది. ఐదుకు ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆరో వాక్యం దగ్గర వేలు ఆగింది.

"అంతా మంచిగుందని పైన రాసింది మీరేనా సార్?"

"నేనే."

కాగితం తిరిగి నా చేతిలో పెట్టింది.

"గిట్ల నడిమిట్ల పెడితే ఎవరు చదువుతరు? నా నౌకరీ పోతది సార్. మీ పేరు ముందుగాల రాయున్రి."