మెట్లవాడ కనకవ్వ వేసిన ఒట్టు

ఆర్మూర్ సిద్ధులగుట్ట అనగానే అందరూ పైనున్న గుడి సంగతే చెబుతారు. అదే గుట్టకు ఒక పక్కన, బండల సందుల్లో ఇరుక్కుని ఉన్న మా మెట్లవాడ ముచ్చట ఎవరూ ఎత్తరు. ఫరవాలేదు, నేను చెబుతాను. ఎనభై నాలుగు మెట్లు, ముప్పై ఒక్క ఇళ్ళు. ఇల్లు కట్టాలనుకున్న చోట బండ అడ్డమొస్తే, మా తాతలు ఆ బండనే గోడ అనుకున్నారు. మా వంటింట్లో ఒక గోడ గుట్టదే. ఎండాకాలం చల్లగా ఉంటుంది, వానాకాలం చెమ్మగా ఉంటుంది, తొండలు మాత్రం ఏడాది పొడుగునా ఉంటాయి.

ఆటో అయినా, గ్యాస్ బండి అయినా మొదటి మెట్టు దగ్గరే ఆగాలి. అందుకే మా వాడకు ఒక రివాజు ఉంది. పైకి ఎక్కే మనిషి ఒట్టి చేతులతో ఎక్కకూడదు. కింద ఎవరి సామాను ఉన్నా ఏదో ఒకటి అందుకుని, వాళ్ళ గుమ్మం ముందు దింపిపోవాలి. నేను నలభయ్యో మెట్టు దగ్గర ఉంటాను. ఇన్నేళ్ళలో నేను మోసిన బియ్యంలో సగం పక్కవాళ్ళవే.

ఈ రివాజుకు కాపలా కనకవ్వ. ఆమెను ఎవరూ పెట్టలేదు, తనే కూర్చుంది. నలభై ఏళ్ళు పసుపు గోదాంలో కొమ్ముల్లోంచి పుచ్చువి ఏరిన మనిషి. పని మానేసినా కళ్ళు మానలేదు, ఇప్పుడు మనుషులను ఏరుతున్నాయి. పొద్దున్నే మొదటి మెట్టు మీద కూర్చుని, వచ్చిన వాడి చేతులు చూస్తుంది. జనాభా లెక్కల సారుతో పది కిలోల పిండి మోయించింది. ఓట్లడగడానికి వచ్చిన నాయకుడి నెత్తిన నీళ్ళ బిందె పెట్టింది, ఆయన మనుషులు ఫొటోలు కూడా తీసుకున్నారు. తను మాత్రం వక్కల సంచి తప్ప ఏమీ మోయదు. ఇదేం న్యాయం అని ఒకసారి నేను గట్టిగానే అడిగాను.

“నా పానం నేను మోస్తలేనా? గదేమన్న తక్కువ బరువనుకున్నవా?” అంది.

ఆమె మనవరాలు అశ్విని. ఇరవై ఆరేళ్ళు, దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. తండ్రి, అంటే కనకవ్వ కొడుకు, మస్కట్‌లో ఉంటాడు, ఇంటి పెత్తనమంతా తల్లి రత్నవ్వది. అశ్వినికి సంబంధాలు వస్తున్నాయి గానీ మెట్లెక్కడం లేదు. మొదటివాళ్ళు కింద నిలబడి మెట్లు లెక్కపెట్టుకుని అటునుంచి అటే వెళ్ళిపోయారు. రెండోవాళ్ళు ముప్కాల్ నుంచి వచ్చారు. తెల్లచొక్కా వేసుకుని ముందు నడుస్తున్నాయన పిల్లవాడి మేనమామ అని కనకవ్వకు తెలియదు. నిండు సిలిండర్ ఆయన భుజానికెత్తింది. మర్యాదకు పోయి ఆయన డెబ్బయ్యో మెట్టు దాకా మోశాడు. అక్కడ ఆయన నడుమూ పట్టేసింది, సంబంధమూ పోయింది.

ఆ తర్వాత రెండు నెలలు రత్నవ్వ అత్తతో మాట్లాడలేదు. చెప్పాల్సిందంతా గిన్నెల చప్పుడుతోనే చెప్పింది.

మూడో సంబంధం బాల్కొండది. పిల్లవాడు రాజేశ్, సొంతంగా విత్తనాల దుకాణం. ఫొటో చూసి అశ్విని కూడా చిన్నగా నవ్వింది. ఇది గనక తప్పితే ఇక మెట్లవాడ పేరు చెబితేనే ఎవరూ రారని రత్నవ్వకు భయం పట్టుకుంది. వాళ్ళు వచ్చే ఆదివారం పొద్దున, అత్త చెయ్యి గుంజి అశ్విని నెత్తిన పెట్టింది.

“వాళ్ళు వచ్చి పోయేదాకా ఒక్క మాట మాట్లాడనని ఒట్టెయ్యి అత్తా.”

“ఒక్క మాట గూడనా? పానం పోతదే!”

“ఒట్టెయ్యి.”

కనకవ్వ ఒట్టేసింది. మనవరాలంటే ఆమెకు ప్రాణం. ఆ పిల్ల నెత్తి మీద వేసిన ఒట్టు తప్పే మనిషి కాదు.

పదింటికి కారు వచ్చింది. అప్పుడే నేను రత్నవ్వ వాళ్ళ బియ్యం సంచి భుజాన వేసుకుని వాళ్ళ వెనకాలే ఎక్కుతున్నాను. ముందు పిల్లవాడి తండ్రి భూమేశ్వర్, చేతులు వెనక కట్టుకుని. ఆయన వెనక రాజేశ్, ఫోన్‌లో మాట్లాడుకుంటూ. అందరికంటే వెనక తల్లి గంగామణి. ఒక చేతిలో పండ్ల సంచి, ఇంకో చేతిలో మిఠాయి డబ్బాలు, చంకలో నీళ్ళ సీసా. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆమెకు ఆయాసం వచ్చి ఆగిపోయింది.

రాజేశ్ తిరిగి చూశాడు. “జల్ది రా అమ్మా, ఎంతసేపు?” అని మళ్ళీ ఎక్కాడు.

నా ఖాళీ చెయ్యి చాపి సంచి ఇమ్మన్నాను. ఆమె ఇవ్వలేదు. “వద్దు, మావోళ్ళు జూస్తే బాగుండది” అంది.

కింద మొదటి మెట్టు మీద కనకవ్వ ఇదంతా చూస్తూనే ఉంది. పెదాలు బిగబట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా వెనకే ఎక్కింది. ఆమె నోరు మూసుకుని ఎక్కడం మా వాడ పుట్టాక అదే మొదలు. ఇళ్ళల్లోంచి జనం బయటికొచ్చి చూశారు.

పైన రత్నవ్వ ఇంట్లో, బియ్యం దింపిన నన్నూ కూర్చోబెట్టారు. చాయ్ అయింది, మాటలయ్యాయి. భూమేశ్వర్ మీసం దువ్వుకుని, “పిల్ల మాకు నచ్చింది. ఇగ ముహూర్తం జూసుకుందాం” అన్నాడు. రత్నవ్వ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అశ్విని వెనక్కి తిరిగింది. “బాపమ్మా, నువ్వేమంటవ్?”

రత్నవ్వ అత్త వంక చూసిన చూపుకు నేనైతే అక్కడే బూడిదయ్యేవాణ్ణి. కనకవ్వ నోరు తెరిచింది, మూసింది. మాట్లాడితే పిల్ల మీద వేసిన ఒట్టు పోతుంది, మాట్లాడకపోతే పిల్లే ఆ ఇంటికి పోతుంది.

ఆమె మెల్లగా లేచింది. గంగామణి కాళ్ళ దగ్గరున్న పండ్ల సంచి తీసింది, తీసుకెళ్ళి రాజేశ్ ఒళ్ళో పెట్టింది.

గంగామణి గాబరాగా లేచింది. “వానికెందుకు పెద్దమ్మా, వానికి అలవాటు లేదు. ఇటియ్యి!” అంటూ చేతులు చాపింది. రాజేశ్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే సంచి తల్లి చేతుల్లో పెట్టాడు.

అశ్విని ఆ చేతులనే చూస్తోంది.

“నాకీ సంబంధం వద్దు” అంది. అని, గంగామణి దగ్గరికి వెళ్ళి, ఆమె చేతుల్లోంచి సంచి తీసుకుని పీట మీద పెట్టింది.

“మెట్లెక్కిచ్చి ఇజ్జత్ తీస్తరా!” అని అరుచుకుంటూ భూమేశ్వర్ బయటికి నడిచాడు. కొడుకు ఆయన వెనకే దిగాడు. రత్నవ్వ ఉగ్రంగా అత్త మీదికి తిరిగింది. నోరు తెరిచింది గానీ ఏమని తిడుతుంది? ముసలామె ఒక్క మాట కూడా మాట్లాడలేదు కదా.

గంగామణి మోకాళ్ళు పట్టుకుని దిగుతుంటే, కనకవ్వ ఆమె రెక్క పట్టుకుని కింది దాకా వెళ్ళింది. నేనూ వెళ్ళాను, తిట్లు తినడానికి ఎవరో ఒకరు తోడుండాలని. కారు తిప్పుతున్నారు. గంగామణి మొదటి మెట్టు మీద కూలబడి, ఒట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“నేను కాపురానికొచ్చి ముప్పై ఏండ్లాయె పెద్దమ్మా” అంది నెమ్మదిగా. “నా చేతులకెల్లి సంచి తీస్కున్నది నీ మనుమరాలే. గసొంటి పిల్ల మా ఇంటికి రాకపోవుడే మంచిగైంది.”

కారు హారన్ కొట్టారు. ఆమె లేచి వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళిపోయారు, ఒట్టు తీరిపోయింది. అయినా కనకవ్వకు ఆ పూట మాట రాలేదు.